మధ్య మజిలీలో కాపలా ఎవరిది?

2025 జూన్‌లో రక్షణ పరిశోధన సంస్థ, ఢిల్లీ ఐ.ఐ.టి. కలిసి ఒక ప్రయోగం చేశాయి. ఐ.ఐ.టి. ఆవరణలో కిలోమీటరు పైచిలుకు దూరానికి, తీగ లేకుండా, పరస్పరం ముడిపడిన కాంతికణాల సాయంతో రహస్య లిపికి తాళంచెవిని పంపాయి. ఆ విజయాన్ని నేను చిన్నబుచ్చను. కాని ఆ కిలోమీటరుకూ, ఢిల్లీ–హైదరాబాదు దూరానికీ నడుమనున్న అగాధం డబ్బుతోనే పూడేది కాదు.

గాజుతీగలో పదిహేను కిలోమీటర్లకే కాంతి సగం హరించుకుపోతుంది. వంద కిలోమీటర్లకు నూటికి ఒక కణం మిగులుతుంది. టెలిఫోను సంకేతాన్నయితే దారిలో బలపరచవచ్చు. క్వాంటం స్థితికి నకలు తీయడాన్ని ప్రకృతి ఒప్పదు; దాని భద్రత అంతా ఆ నిషేధంలోనే ఉంది. అందుకే చైనా 2017లో ప్రారంభించిన రెండువేల కిలోమీటర్ల బీజింగ్–షాంఘై మార్గంలో 32 మజిలీలు పెట్టింది. ప్రతి మజిలీలోనూ తాళంచెవి ఒకసారి బయటపడుతుంది. అక్కడ కూర్చున్నవారిని నమ్మవలసిందే. ఫోన్ల ట్యాపింగు వివాదాలు చూసిన తెలుగు పాఠకులకు ఆ నమ్మకం విలువ ఎంతో నేను చెప్పనక్కరలేదు.

ఈ నమ్మకంతో పనిలేని దారి ఒకటి వజ్రంలో కనిపిస్తోంది. కృష్ణాతీరపు కొల్లూరు వజ్రాలకు నిర్మలత్వమే కీర్తి. ఇక్కడ కావలసినది లోపం. రెండు కర్బన పరమాణువులు ఉండవలసిన తావులో ఒకే సిలికాన్ పరమాణువు చేరితే, అక్కడి ఎలక్ట్రాన్ స్పిన్ కాంతికణంతో ముడిపడగలదు. ఆ స్థితిని కేంద్రకపు స్పిన్‌కు అప్పగిస్తే కొంతసేపు పదిలంగా ఉంటుంది. పక్క మజిలీ నుంచి కాంతి వచ్చేవరకు వేచి, రెండు ముక్కలనూ తెరవకుండానే అతకవచ్చు. 2024లో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు బోస్టన్ ప్రాంతంలో భూగర్భాన సాగిన 35 కిలోమీటర్ల తీగ ద్వారా ఇలాంటి రెండు స్మృతులను ముడివేశారు. బంధం ఒక సెకను పాటు నిలిచింది. ఒక్క సెకనా అని నవ్వకండి. ఆ వ్యవధిలో కాంతి గాజుతీగలో రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అయితే వజ్రాన్ని పరమశూన్యానికి ఒక డిగ్రీలోపు చల్లబరచాలి.

2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్‌కు 2030–31 వరకు కేటాయింపు రూ. 6,003.65 కోట్లు. రెండువేల కిలోమీటర్ల నగరాంతర మార్గమూ, క్వాంటం స్మృతులతో కూడిన నెట్‌వర్కూ రెండూ దాని లక్ష్యాలే. మొదటిదానికి మజిలీలు కట్టి రిబ్బను కత్తిరించవచ్చు. రెండవది ఓపిక కోరుతుంది. కృత్రిమ వజ్రాల పరిశోధనకు 2023–24 బడ్జెటులో ప్రకటించిన సాయం మద్రాసు ఐ.ఐ.టి.కి దక్కింది కాని, ఆ ప్రకటనలో వినిపించినవి ఉపాధి, దేశీయ ఉత్పత్తి, దిగుమతుల తగ్గింపు మాటలే. ఈలోగా ఆ మజిలీలు ఏ శాఖ అధీనంలో ఉంటాయో, వాటిని తనిఖీ చేసే అధికారం ఎవరిదో మన పార్లమెంటు సభ్యులు తీగలు వేయకముందే అడగాలి.