మైనం లింకన్‌ చెప్పిన ఎండ పాఠం

అబ్రహాం లింకన్‌ తల వెనక్కి వాలిపోయింది. కాళ్లు కరిగాయి. కూర్చున్న కుర్చీ కుంగింది. కంగారు పడకండి, ఇది మైనం లింకన్‌ సంగతి. 2024 జూన్‌లో అమెరికాలోని వాషింగ్టన్‌ డీసీలో, ఓ ప్రాథమిక పాఠశాల దగ్గర జరిగింది. తల కింద పడి ముక్కలవుతుందేమోనని నిర్వాహకులే దాన్ని తీసి పక్కన పెట్టారు. తల లేని లింకన్‌ ఫొటోలు చూసి ప్రపంచమంతా నవ్వుకుంది.

నిజానికి శిల్పి శాండీ విలియమ్స్‌ ఎండ గురించి చెప్పాలని దాన్ని చేయలేదు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారు అంతర్యుద్ధ కాలంలో తలదాచుకున్న శిబిరం ఒకప్పుడు ఆ చోటే ఉండేది. దాన్ని గుర్తుచేయటానికి ఆరడుగుల విగ్రహాన్ని కొవ్వొత్తిలా, వత్తులతో సహా తయారుచేశారు. జనం వత్తి వెలిగించి, నిమిషమో రెండు నిమిషాలో ఉంచి ఆర్పేయాలి. అలా నెమ్మదిగా కరగాల్సిన విగ్రహాన్ని ఎండే కరిగించేసింది. అనుకోకుండానే అది వేడి మీద హెచ్చరిక బోర్డు అయి కూర్చుంది. కావాలని పెట్టిన బోర్డుల్ని మనమెంతమందిమి చదువుతాం చెప్పండి!

ఇందులో మనం గమనించాల్సిన చిక్కు ఒకటుంది. ఆ మైనం కరగాలంటే సుమారు 60 డిగ్రీల సెల్సియస్‌ కావాలి. ఆ రోజుల్లో అక్కడి గాలి ఉష్ణోగ్రత 37 చుట్టుపక్కలే. మరి ఎలా కరిగింది? వాతావరణశాఖ చెప్పే అంకె నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచింది. ఎండలో ఉన్న వస్తువుకు సూర్యుడి వేడి నేరుగా తగులుతుంది, చుట్టూ ఉన్న సిమెంటు, తారు నుంచీ సెగ కొడుతుంది. పైగా మైనం పూర్తిగా కరగకముందే మెత్తబడుతుంది. మధ్యాహ్నం ఎండలో పెట్టిన స్కూటర్‌ సీటు మీద చెయ్యి వేస్తే తెలిసిపోతుంది. టీవీలో 42 అని చెబితే, బస్టాపులో నిలబడ్డ మీ ఒంటికి తగిలేది అంతకంటే ఎక్కువే.

విగ్రహానికి చెమట పట్టదు, మనకు పడుతుంది. ఆ చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. విజయవాడలో, విశాఖలో ఉక్కపోత రోజున చెమట కారుతుందే గానీ ఆరదు. అందుకే 38 డిగ్రీలైనా తేలిగ్గా తీసుకోకూడదు. వయసు మీదపడ్డవారికి దాహం సరిగా తెలియదు. రక్తపోటుకు, గుండెజబ్బుకు మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలు వాడేవారి ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది. అలాగని మాత్రలు మీరే మానేయకండి, వేసవిలో మోతాదు సంగతి డాక్టర్‌ను అడగండి.

పగలంతా కాగిన స్లాబు రాత్రి సెగలు కక్కుతుంది. పైఅంతస్తులో ఒంటరిగా ఉండే అమ్మానాన్నలకు ఇదే అసలు ముప్పు. డాబా మీద సున్నమో, తెల్లటి కూల్‌ పెయింటో వేయిస్తే గది వేడి తగ్గుతుంది. తెలంగాణ 2023లో దీని కోసమే ప్రత్యేకంగా కూల్‌ రూఫ్‌ విధానం తెచ్చింది. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణల్లో వడదెబ్బకు బలైనవారిని తలచుకుంటే ఇది చాదస్తమనిపించదు.

మధ్యాహ్నం మూడింటికి ఒకసారి ఇంటికి ఫోన్‌ చేయండి. అవతలివారి మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా నీరసమని వదిలేయొద్దు. ఒళ్లు కాలిపోతూ, మగతగా ఉంటే అది వడదెబ్బే అనుకుని 108కి కబురు పెట్టించండి. అంబులెన్స్‌ వచ్చేదాకా ఊరుకోకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోసి ఫ్యాన్‌ వేయమనండి. మెడ, చంకలు, గజ్జల్లో చల్లటి తడిగుడ్డలు పెట్టించండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో మజ్జిగ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరం మాత్ర కూడా వద్దు, అది ఈ వేడిని దించలేదు.