మసి పూసిన ముఖము

రాయగడ సంతకో, కొరాపుట్ సంతకో వెళ్లే తెలుగువారికి కోదులు, పరజలు, సవరలు కొత్తవారు కారు. పసుపు, అల్లము, అనాసపండ్లు వారి చేతినుండియే మనము కొనుచున్నాము. కాని సినిమాలో కనుపించే కొండజాతివాడు మనమెరిగిన మనిషి కాడు. తలకు ఈకలు, చేతిలో బల్లెము, ఒంటినిండ నల్లరంగు. మాట మాత్రము ఉండదు. పత్రికలలో నృత్యము చేయుచున్న బొమ్మ వేయుదురు, పేరు వేయరు.

అమెరికాలో 19వ శతాబ్దమున తెల్లజాతి నటులు ముఖమునకు మసి పూసుకొని, నల్లజాతివారిని వెక్కిరించి జనమును నవ్వించెడివారు. ఆ వేషమును నేడు అక్కడ అవమానముగా ఎంచుచున్నారు. మన బడుల వార్షికోత్సవములలో మాత్రము గిరిజన నృత్యమనగానే పిల్లలకు నల్లరంగు పూయుట ఇంకను చూచుచున్నాము. పూసినవారికి ద్వేషము లేకపోవచ్చును. కాని అదే బడిలో చదువుకొను కోదు బాలిక ముందు వరుసలో కూర్చుండి చూచినచో, ఆమె మనసుకేమి తోచును?

మేలుకోరువారును ఒక్కొక్కప్పుడు ఇట్లే చేయుదురు. నియమగిరిపై బాక్సైట్ గని వద్దని డొంగరియా కోదులు పోరాడుచున్న రోజులవి. 2010లో వారిపట్ల సానుభూతిగల విదేశీ సంస్థయొకటి వారిని 'అవతార్' సినిమాలోని నీలిరంగు మనుష్యులతో పోల్చి పత్రికా ప్రకటన వేయించినది. రక్తమాంసములుగల మనిషి లోకము కంటికి ఆనుటకు కల్పిత పాత్రను పోలవలెనా?

2013లో వారి మాట వారే చెప్పుకొనిరి. గ్రామసభల అభిప్రాయము తీసికొనవలెనని ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5, మొత్తము 12 పల్లెలలో సభలు జరిగినవి. పన్నెండును గని వద్దనినవి.

వారు మనకు దూరపువారు గూడ కారు. వారి కువి భాషను భాషావేత్తలు తెలుగు, గోండి భాషలతోబాటు ఒకే శాఖలో చేర్చిరి. డొంగరియా స్త్రీలు సూదితో పూలు కుట్టునట్లు కుట్టే 'కపడాగండా' శాలువకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు లభించినది.

కావున మా మనవి ఇది. వచ్చే ఉత్సవమున రంగు డబ్బా ప్రక్కన పెట్టవలెను. ఒక కోదు పెద్దను సగౌరవముగా పిలిచి, ఆ నృత్యము పేరేమి, ఎప్పుడు ఆడుదురు అని అడిగి, ఆ సంగతి వేదికపై ఆయన నోటనే చెప్పింపవలెను. బొమ్మ వేసినచో, క్రింద పేరు గూడ వేయవలెను.