'కోవెంట్రీకి పంపడం' - 'వెలివేత': అనువాదంలో అర్థభేదం

కీలకపదాలు: జాతీయం, అనువాదం, వెలి, బహిష్కరణ, మౌనం

1. ఉపోద్ఘాతం

ఒకరిని 'కోవెంట్రీకి పంపడం' అనేది ఆంగ్లంలో ఒక జాతీయం. కోవెంట్రీ ఇంగ్లండు మధ్యభాగంలోని నగరమే అయినా, ఈ జాతీయంలో ప్రయాణం లేదు. ఒక బృందంలోని వారంతా కూడబలుక్కొని ఒకరితో మాటలు మానేయడమే దీని అర్థం. దీనిని తెలుగులో 'వెలివేశారు' అనడం ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పుట్టుక - ప్రయోగం

జాతీయం పుట్టుక నిశ్చయంగా తేలలేదు. 1640ల అంతర్యుద్ధంలో బర్మింగ్‌హామ్ ప్రజలు రాజు పక్షం వారిని పట్టుకొని, పార్లమెంటు పక్షాన ఉన్న కోవెంట్రీకి పంపారని క్లారెండన్ తన చరిత్రలో పేర్కొన్నాడు. ఈ జాతీయానికి అదే మూలమని కొందరి ఊహ. ఫ్రాన్సిస్ గ్రోస్ సంకలనం ఆధారంగా 1811లో వెలువడిన వాడుక మాటల నిఘంటువు దీనిని సైనికాధికారుల మధ్య అమలైన శిక్షగా వివరించింది. శిక్షకు గురైనవాడు ఎదుటే ఉన్నా లేనట్లే లెక్క. విధి నిర్వహణకు సంబంధించిన మాటలు తప్ప అతనితో ఎవరూ మాట్లాడరాదు. తప్పు ఒప్పుకుంటే ప్రయాణం నుంచి తిరిగి వచ్చినవాడిలా ఆహ్వానిస్తారు. తరువాతి కాలంలో ఇది కార్మికుల వాడుకలోనూ నిలిచింది. సమ్మెలో చేరని కార్మికుడికి తోటివారు విధించిన ఇలాంటి మౌనమే 1960 నాటి 'ది యాంగ్రీ సైలెన్స్' చిత్రానికి ఇతివృత్తం.

3. 'వెలి' స్వరూపం

'వెలి' అంటే బయట. వెలుపల, వెలివాడ అనే మాటలలో ఈ అర్థం స్పష్టం. వెలివేతలో పోయేది మాట ఒక్కటే కాదు. నిప్పు, నీరు, మంగలి, చాకలి సేవలు, వియ్యం, కంచం పొత్తు అన్నీ తెగిపోతాయి. శిక్ష వ్యక్తి దగ్గర ఆగక కుటుంబమంతటికీ తగులుతుంది. తప్పు చెల్లించి తిరిగి చేరే మార్గం కొన్ని కులాలలో ఉన్నా, దళితులపై ఊరు విధించే బహిష్కరణ వేరు. అది కూలిని, అంగడి సరుకును కూడా ఆపుతుంది. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, వారిపై సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా పేర్కొన్నది.

4. ముగింపు

కనుక సమానుల మధ్య మౌనానికి 'వెలి' అని రాస్తే, మూలంలో లేని కులం అనువాదంలోకి వస్తుంది. 'అందరూ కూడబలుక్కొని అతనితో మాటలు మానేశారు' అనడం సముచితం. ప్రమాదం ఎక్కువగా ఉన్నది రెండో దిశలో. మన కథలోని వెలివేతను ఈ ఆంగ్ల జాతీయంతో అనువదిస్తే, బావి నీళ్లు దొరకని కుటుంబం పలకరింపు దొరకని మనిషిగా మారిపోతుంది. అక్కడ తగ్గేది పదం బరువు మాత్రమే కాదు, జరిగిన అన్యాయం బరువు కూడా.