ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎలా ఇముడుతాయి?

విండోస్ ఉన్న కంప్యూటర్‌లోనే, దానిని తీసివేయకుండా, లినక్స్‌ను కూడా పెట్టుకోవడం ఎలా సాధ్యమన్న సందేహం చాలామంది పిల్లలకు కలుగుతుంది. కంప్యూటర్ చేత పనులన్నీ చేయించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు; విండోస్, లినక్స్ అలాంటివే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఆధారంగానే హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది.

కడియం నర్సరీలోని ఒక మడిలో అక్కడక్కడ ఖాళీలతో గులాబీ కుండీలు పరచి ఉంటే, అందులో కొంత భాగాన్ని మామిడి అంట్లకు కేటాయించదలచిన రైతు ముందుగా ఆ వైపు కుండీలను ఈ వైపు ఖాళీలలోకి జరిపి, ఆ తరువాతనే మధ్యలో గట్టు వేస్తాడు. అలాగే, ఫైళ్ళన్నీ దాచి ఉండే హార్డ్ డిస్క్‌ను విభజించే ప్రోగ్రాము కూడా చివరి భాగంలోని ఫైళ్ళను ముందుకు జరిపి, విండోస్ భాగాన్ని కుదించి, మిగిలిన చోటును లినక్స్ కోసం కొత్త విభాగంగా నమోదు చేస్తుంది. అయితే డిస్క్‌లో నిజమైన గట్టేమీ లేవదు. ఏ విభాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో డిస్క్ ఆరంభంలో ఉండే విభజన పట్టిక అనే చిన్న జాబితా చెబుతుంది కనుక, హద్దు మారడమంటే అందులోని అంకెలు మారడమే. ఇంత పెద్ద డిస్క్ స్వరూపం ఆ కొద్దిపాటి అంకెల మీద ఆధారపడటం నిజంగా అబ్బురమైన విషయం. పాత పట్టికలో 4 ప్రధాన విభాగాలకే చోటుండగా, ఇప్పటి జీపీటీ పద్ధతిలో సాధారణంగా 128 విభాగాలకు చోటుంటుంది.

కంప్యూటర్ ఆన్ చేయగానే బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రాము ఏ సిస్టమ్ కావాలో అడిగి, దానిని నడిపిస్తుంది.

ఫైళ్ళు జరుగుతుండగా కరెంటు పోతే అవి పాడయ్యే ప్రమాదం ఉన్నందున, ముఖ్యమైన ఫోటోలను, పాఠాలను ముందే పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, పెద్దల సమక్షంలోనే పిల్లలు ఈ పనికి పూనుకోవాలి.