చేమంతి సేద్యము

పెరటిలో నాలుగు చేమంతి మొక్కలు పెంచుట వేఱు. అర యెకరమున వేసి పూవును సంతకు పంపుట వేఱు. ఈ రెండవదానిలో రైతును తెగులుకంటె తఱచుగా దెబ్బతీయునది పూతకాలమే యని మా యభిప్రాయము.

ఈ మొక్క రాత్రి నిడివినిబట్టి మొగ్గ తొడుగును. పగలు తఱిగి రాత్రి పెరిగినకొలది కొత్త యాకు పెట్టుట మాని పూతకు దిగును. పగటి నిడివికిని మొక్కల పూతకును గల యీ సంబంధమును 1920లో అమెరికాయందు గార్నరు, అల్లార్డు అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. కావుననే ఊరిలో నొకరు ముందు, వేఱొకరు వెనుక నాటినను పూవు ఇంచుమించుగ నొక్కమారే దిగును, ధర పడిపోవును.

జపానుదేశమున అయిచి మండలములోని అత్సుమి ద్వీపకల్పపు కృషీవలులు రాత్రివేళ తోటలో విద్యుద్దీపములు వెలిగించి, పూతను తమకు వలసిన తరుణమునకు జరుపుకొనుచున్నారు. రాత్రి యంతయు వెలిగింప నక్కఱలేదు. నడిరేయి కొంతసేపు వెలిగించినను రాత్రి రెండు ముక్కలై, మొక్క మొగ్గ వేయక యాగును. దీపములు మానిన కొన్ని వారములకు పూత వచ్చును. ఈ వ్యయము ఒంటరి రైతునకు భారమే. నలుగురు సభ్యులు కలిసి యొక చిన్న మడిలో పరీక్షించి చూచుట మేలు.

గత సంవత్సరపు దుబ్బులనుండి తీసిన పిలకలనుగాని, వేరు పట్టించిన కొనకొమ్మలనుగాని ఆషాఢ శ్రావణములలో బోదెలపై అడుగు ఎడముగా నాటవలెను. నీరు నిలిచినచో వేరు కుళ్ళును. నాటిన నెలకు తలలు త్రుంచవలెను. ఏపుగా లేచిన మొక్కను త్రుంచుటకు కొందఱికి చేతులు రావు. కాని ప్రక్కకొమ్మలు వచ్చిననే పూవు హెచ్చును. మొగ్గ తొడిగిన పిమ్మట మాత్రము త్రుంచరాదు.

మంచు ఆఱిన పిదప, బాగుగా విచ్చిన పూవునే కోయవలెను. తడిపూవు గంపలో వేడెక్కి కుళ్ళును. పైన మేలిపూవు పేర్చి అడుగున వాడినది దాచు నేర్పు కడియపులంకవంటి పూలసంతలలో ఒక్కనాటికే చెల్లును. మఱునాడు ఆ గంపను ఎవ్వరు నమ్ముదురు? సభ్యులందఱు పూవును ఒక్కచోట చేర్చి తరగతులుగా వేఱుపఱచి పంపినచో బేరమునకు బలము కలుగును.

చీనావారు ఎండబెట్టిన చేమంతులను వేడినీట నానవేసి పానీయముగా త్రాగుదురు. పురుగుమందు చల్లిన తోటలోని పూవును అట్లు వాడరాదు. కెన్యాదేశమున పురుగుమందుకై పెంచు పైరెత్రమ్ అనునది చేమంతికి చుట్టమేకాని చేమంతి కాదు. మన తోటపూవును ఎండబెట్టి పొడిచేసి చల్లినచో పేనుబంక చావదు.