అతుక్కుపోయే చూపు

‘మావాడికి రైళ్ల నంబర్లన్నీ కంఠతా వచ్చు. చొక్కా గుండీలు మాత్రం పెట్టుకోడు. ఇది ఆటిజమా, మొండితనమా?’ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న తిరిగి తిరిగి కనిపిస్తుంది. చాలామంది నిపుణులు ‘ఆటిజమేనండీ’ అని ఒక్కమాటతో తేల్చేస్తారు. కానీ ఆటిజం ఉన్న పిల్లలకూ తక్కిన పిల్లల్లాగే స్వభావం అనేది ఒకటి ఉంటుంది. ఒకడు నెమ్మదస్థుడు, ఒకతె చిటుక్కుమంటే ఉలిక్కిపడే పిల్ల. రోజు ఎలా గడుస్తుందన్నది తెలివితేటలకంటే ఈ స్వభావం మీదే, అందులోనూ ఒక్క చిన్న కీలు మీదే, ఎక్కువగా ఆధారపడుతుందని నా వాదన.

ముందు రెండు కొలతల సంగతి. అమెరికాలో వైన్‌ల్యాండ్ శిక్షణాలయంలో పనిచేసిన ఎడ్గర్ డాల్ 1935లో రోజువారీ నేర్పును కొలిచే పద్ధతి తయారుచేశాడు. నాగ్‌పూర్‌లో మాలిన్ మన పిల్లలకు తగ్గట్టు మార్చిన రూపం నేటికీ ఇక్కడి క్లినిక్కుల్లో వాడుకలో ఉంది. పిల్లవాడు ‘చేయగలడా’ అన్నదానికంటే ‘రోజూ తనంతట తాను చేస్తున్నాడా’ అన్నదే ఆ కొలతకు ముఖ్యం. (తల్లి ముద్ద కలిపి నోట్లో పెట్టే ఇళ్లలో ఆ జవాబు కాస్త తేడాగానే వస్తుందనుకోండి.) ఇక స్వభావాన్ని 1956లో న్యూయార్క్‌లో మొదలైన అధ్యయనంలో థామస్, చెస్ దంపతులు తొమ్మిది గుణాలుగా విడదీస్తే, తర్వాత మేరీ రోత్‌బార్ట్ మూడు పెద్ద పాయలుగా కూర్చింది: హుషారు, చిరాకూ భయమూ తొందరగా కలగడం, నిగ్రహం. ఆటిజం ఉన్న పిల్లల్లో సగటున రెండోది ఎక్కువ, మూడోది తక్కువ. నిగ్రహం అనగానే మనకు నోరు మూసుకుని కూర్చోవడం గుర్తొస్తుంది. రోత్‌బార్ట్ చెప్పింది అది కాదు. మనసు మొదట లాగిన పనిని వదిలి, అవసరమైన వేరే పనిలోకి వెళ్లగలగడం. ఆ ‘వదలడం’ దగ్గరే నాకు ఆసక్తి.

1997లో హార్మన్, రోత్‌బార్ట్, పోస్నర్ చేసిన ఒక ప్రయోగం చూడండి. మూడు నుంచి ఆరు నెలల పసిపాపలకు వెలుతురూ చప్పుడూ ఎక్కువై ఏడుపు లంకించుకుంటే, ఎదురుగా ఓ కొత్త బొమ్మ ఆడించారు. చూపు బొమ్మ మీదికి మళ్లగానే ఏడుపు ఆగింది. ఇందులో వింతేముంది, ప్రతి అమ్మమ్మకూ తెలిసిందే. వింత ఆ తర్వాత జరిగింది: బొమ్మ తీసేయగానే దుఃఖం తిరిగొచ్చింది, ముందు ఏ మోతాదులో ఉందో ఇంచుమించు అదే మోతాదులో. అంటే పసివాళ్ల బాధ చల్లారలేదు. చూపు మళ్లినంతసేపూ పక్కన కాచుకుని కూర్చుంది. మనిషి తన బాధను అదుపు చేసుకోవడానికి తొలినాళ్లలోనే చేజిక్కే పనిముట్లలో చూపు తిప్పుకోవడం ఒకటి.

మరి ఆ చూపే తిరగకపోతే? 2004లో కెనడా పరిశోధకులు లాండ్రీ, బ్రైసన్ పిల్లల ముందు తెరలు పెట్టారు. నడిమి తెర మీద కదిలే ఆకారాలు, కాసేపటికి పక్క తెర మీద మరికొన్ని. నడిమి తెర వెలుగుతుండగానే పక్కది వెలిగితే, ఆటిజం ఉన్న పిల్లలు ప్రతి అయిదుసార్లలో ఒకసారి చొప్పున అది వెలిగిన ఎనిమిది సెకన్లూ మొదటిదాన్నే చూస్తూ ఉండిపోయారు. నడిమిది ఆరిపోయాక పక్కది వెలిగినప్పుడు మాత్రం ఇంత ఇబ్బంది లేదు. కొత్తదాని మీదికి వెళ్లడం వాళ్లకు వచ్చు. పాతదాన్ని విడిపించుకోవడమే కష్టం. ఇప్పుడు స్నానాల గదిలోకి రండి. కుళాయి ధార బకెట్లో పడి సుడి తిరుగుతోంది, వాడు దాన్నే చూస్తున్నాడు. ‘అయిపోయింది, రా’ అన్న పిలుపు రెండో తెర. పళ్లపొడి నుంచి చెప్పులదాకా పొద్దుటిపూటంతా ఇలాంటి విడిపింపులే. గుండీ పెట్టుకోవడమైనా కళ్లు కాజా నుంచి గుండీకి, గుండీ నుంచి కాజాకి మారుతూ ఉండాల్సిన పని. రైలు నంబర్లకు ఆ బెడద లేదు. పైగా చిరాకులో ఇరుక్కున్నా బయటపడే దారి చూపు తిప్పుకోవడమే కాబట్టి, ఎక్కువ చిరాకూ తక్కువ నిగ్రహమూ ఒకే తాళానికి రెండు వైపులు కావచ్చునని నా అభిప్రాయం.

ఈ అతుక్కుపోవడాన్ని తప్పుగా చదివినవాళ్లకు కొదవ లేదు. 1943లో పదకొండు మంది పిల్లల్ని వర్ణించిన లియో కానర్, మార్పును భరించలేకపోవడాన్ని చక్కగా పట్టుకున్నాడు, అదే చేత్తో తల్లిదండ్రుల ముభావం గురించీ రాశాడు. దాన్ని బ్రూనో బెటల్‌హైమ్ 1967 నాటి పుస్తకంలో తల్లుల మీద నేరారోపణగా పెంచాడు. అప్పటికి మూడేళ్ల ముందే, స్వయంగా ఆటిజం ఉన్న కొడుకును పెంచుతున్న మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లండ్ ఆ మాటను ఖండించినా వినేవాళ్లు తక్కువ. మరో తప్పు ఐక్యూను నమ్ముకోవడం. ఆస్ట్రేలియాలో 2,225 మంది సమాచారం చూసిన 2020 నాటి అధ్యయనం, ఐక్యూను బట్టి రోజువారీ నేర్పును కచ్చితంగా అంచనా కట్టలేమని తేల్చింది.

అభ్యంతరాలు లేకపోలేదు. స్వభావాన్ని కొలిచేది ఎక్కువగా తల్లిదండ్రులు నింపే ప్రశ్నపత్రంతో, అందులోని ప్రశ్నలు కొన్ని ఆటిజం లక్షణాల్నే వేరే మాటల్లో అడుగుతాయి; కొలిచినదాన్నే మళ్లీ కొలుస్తున్నాం కదా అంటారు. నిజమే. కానీ చూపును లెక్కించేది ప్రశ్నపత్రం కాదు. ఆటిజం ఉన్నవాళ్ల తోబుట్టువుల్ని పసితనం నుంచీ గమనించిన బ్రిటిష్ బృందం, పద్నాలుగు నెలలకే చూపు విడిపించుకోలేని పిల్లల్లో కొందరికి తర్వాత ఆటిజం బయటపడిందని 2013లో చెప్పింది. ఏడు నెలలకు మాత్రం ఆ తేడా లేదు. అంటే ఇది పుట్టుకతో బిగుసుకున్న తాళం కాదు, ఎదుగుదలలో పడే ముడి. తెరల ప్రయోగంలో తేడాయే కనిపించని అధ్యయనాలూ ఉన్నాయన్నది ఇంకా గట్టి అభ్యంతరం. బొమ్మ ఎంత ఆకర్షణీయమైనదో, పిల్లల వయసెంతో అన్నదాన్ని బట్టి ఫలితాలు మారతాయని నేను సర్దిచెప్పుకుంటాను గానీ, ఆ వివాదం తేలలేదు.

ఉపయోగం ఏమిటంటారా? సికింద్రాబాద్‌లోని మేధోవైకల్యాల జాతీయ సంస్థ ఆటిజానికి తయారుచేసిన భారతీయ కొలమానంలో నలభై అంశాలున్నాయి. మార్కులు కూడి, తీవ్రత రాసి, సర్టిఫికెట్ ఇస్తారు. సర్టిఫికెట్ కావలసిందే. కానీ పిల్లవాడు ఒక పని నుంచి ఇంకో పనికి ఎలా మారుతున్నాడో ఆ మొత్తం అంకె చెప్పదు. ఇంట్లోనేమో పిలుపు వినలేదని గొంతు పెంచుతాం, అంటే రెండో తెర వెలుగు పెంచుతాం. ఆరాల్సింది మొదటిది. కుళాయి వాడి చేతే కట్టించి, ధార ఆగి, నీళ్లు నిలకడయ్యాక, అప్పుడు తువ్వాలు చూపించి చూడండి.