మీ ఇంటికి ఎన్ని మెట్లు?

మీ ఇంటి గుమ్మానికి ఎన్ని మెట్లు? మీ వరసలో మూడో ఇంట్లో ఎవరుంటారు? ఊరి బావి ఏ దిక్కున ఉంది? నీళ్లు తెచ్చేది ఎవరు? పక్కింటాయనకు ఎంతమంది కొడుకులు?

సాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో ఏంజెల్ ఐలాండ్ అనే దీవి ఉంది. 1910 నుంచి 1940 దాకా అక్కడి వలస కేంద్రంలో అమెరికా అధికారులు చైనా నుంచి దిగినవాళ్లను ఇలాంటి ప్రశ్నలతో నిలదీసేవారు. కొందరికి ఆ విచారణ రోజుల తరబడి సాగేది. ఓడ దిగిన కుర్రాడు చెప్పిన జవాబు, అప్పటికే అమెరికాలో ఉన్న తండ్రి చెప్పిన జవాబుతో కలవకపోతే తిరుగు ఓడ ఎక్కించేవారు. ఆ ప్రశ్నలన్నీ, జవాబులన్నీ టైపు చేసి ఫైళ్లలో దాచారు. అవి ఇప్పుడు సాన్ ఫ్రాన్సిస్కో పక్కనే ఉన్న సాన్ బ్రూనోలో, జాతీయ పత్రాగారం శాఖలో ఉన్నాయి. ముత్తాత పుట్టిన ఊరు ఏదో తెలియని మునిమనవలు ముందుగా తలుపు తట్టేది అక్కడే. ఆ ముత్తాతలను దేశంలోకి రానివ్వకుండా ఆపాలని రాసుకున్న కాగితాల్లో ఊరి చెరువు ఎక్కడుందో, ఇళ్లు ఎన్ని వరసలో, పూర్వీకుల మందిరం ఏ చివరన ఉందో అన్నీ ఉన్నాయి. అంత వివరంగా ఏ కుటుంబమూ తన ఊరి గురించి రాసిపెట్టుకోలేదు.

ఇంత కర్కశమైన విచారణకు కారణం 1882లో అమెరికా చేసిన చట్టం. చైనా కూలీలు దేశంలో అడుగుపెట్టకూడదని అది నిషేధించింది. వర్తకులకు, విద్యార్థులకు, అమెరికా పౌరుల పిల్లలకు మాత్రం సందు మిగిలింది. 1906 భూకంపంలో సాన్ ఫ్రాన్సిస్కో తగలబడినప్పుడు నగరంలోని జనన రికార్డులూ బూడిదయ్యాయి. దాంతో తాము ఇక్కడే పుట్టామని చాలామంది చెప్పుకోగలిగారు. అలా పౌరుడైనవాడు చైనా వెళ్లి వచ్చిన ప్రతిసారీ అక్కడ ఒక కొడుకు పుట్టాడని నమోదు చేయించేవాడు. పుట్టని ఆ కొడుకు స్థానాన్ని మరో ఇంటి పిల్లవాడికి అమ్మేవారు. వీళ్లకే ‘కాగితపు కొడుకులు’ అని పేరు. కొనుక్కున్న తండ్రి ఊరు, ఇల్లు, మెట్ల లెక్క, మేనమామల పేర్లు రాసిన పుస్తకాన్ని ఓడలో వల్లెవేసి, తీరం చేరేలోగా సముద్రంలో పడేసేవారు.

ఆ చట్టం 1943లో రద్దయింది. 1956 నుంచి 1965 దాకా నిజం ఒప్పుకోమని ప్రభుత్వం ఒక పథకం పెడితే కొందరు అసలు పేర్లు చెప్పారు. భయంతో చెప్పనివాళ్లూ ఉన్నారు. అందుకే అమెరికాలో ‘లీ’ అనే ఇంటిపేరుతో పెరిగిన మనిషి అసలు ‘వాంగ్’ కుటుంబీకుడు కావచ్చు. ఫైలులో ఉన్న ఊరు కాగితపు తండ్రిదే తప్ప కన్నతండ్రిది కాకపోవచ్చు. వెతికేవాళ్లు మొదట తెలుసుకోవలసింది ఇదే.

పేర్ల చిక్కు అక్కడితో తీరదు. తెలుగువాళ్లలాగే చైనావాళ్లకూ ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇంగ్లీషు గుమాస్తాలకు ఆ సంగతి పట్టలేదు. చివర ఏది వినబడితే అదే ఇంటిపేరని రాసేశారు. దక్షిణ చైనాలో చనువుగా పిలిచేటప్పుడు పేరు ముందు ‘ఆ’ అని చేరుస్తారు. ఆ పిలుపే రికార్డుల్లోకి ఎక్కింది. హవాయిలో అకానా, అపానా వంటి ఇంటిపేర్లు అలా పుట్టినవే. పైగా ఒకే లిపి గుర్తును ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా పలుకుతారు. బీజింగ్ భాషలో ‘చెన్’ అనేది హాంకాంగ్‌లో ‘చాన్’, తైషాన్ నుంచి అమెరికా వెళ్లినవాళ్ల నోట ‘చిన్’, మలేసియా, సింగపూర్‌లలోని ఫుజియన్ వాళ్లకు ‘టాన్’. నలుగురిదీ ఒకే ఇంటిపేరు. అది చాలదన్నట్టు ఒక్క మనిషికే ముద్దుపేరు, బడిలో పెట్టిన పేరు, పెళ్లప్పుడు పెట్టిన పేరు వేరువేరుగా ఉండేవి. ఇంట్లో అందరికీ తెలిసిన పేరు వంశావళిలో కనబడకపోతే మనిషి లేడని కాదు. పెళ్లి పేరుతో ఉండి ఉంటాడు.

కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరు పట్టుకుని చైనా వెళ్లడం దండగ. చైనా లిపిలో ఇంటిపేరు, సొంత పేరు, ఊరి పేరు కావాలి. అవి దొరికే నమ్మకమైన చోటు శ్మశానం. పాత సమాధి రాళ్ల మీద నడుమ పేరు, పక్క వరసల్లో జిల్లా, ఊరు, చనిపోయిన తేదీ చెక్కించేవారు. బతికినంతకాలం కాగితపు పేరు మోసినవాడికి కూడా రాయి మీద చైనా లిపిలో అసలు ఇంటిపేరు రాయించిన కుటుంబాలున్నాయి. ఇంగ్లీషులో ఒక పేరు, పక్కనే చైనా లిపిలో మరో పేరు కనబడితే వెతికేవాళ్లకు అంతకంటే విలువైన ఆధారం ఉండదు.

ఊరి పేరు రాయించడానికి కారణం ఉంది. ఎముకలైనా సొంత ఊరు చేరాలని వాళ్ల కోరిక. కొన్నేళ్ల తర్వాత సమాధి తవ్వి, అస్థికలు శుభ్రం చేసి, పెట్టెలో పెట్టి హాంకాంగ్ మీదుగా ఊరికి పంపేవారు. హాంకాంగ్‌లోని తుంగ్ వా ఆసుపత్రి వాటిని అందుకుని ఊళ్లకు చేర్చే ఏర్పాటు చేసేది. 1902 అక్టోబరులో న్యూజిలాండ్ నుంచి 499 మంది చైనీయుల అవశేషాలతో బయలుదేరిన వెంట్నర్ అనే ఓడ హోకియాంగా తీరం దగ్గర మునిగిపోయింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎముకలను అక్కడి మావోరీలు తమవాళ్లవైనట్టే పూడ్చిపెట్టారు. ముక్కూ మొహం తెలియనివాళ్లకు వాళ్లు చేసిన ఆ మేలును చైనీయుల వారసులు ఈనాటికీ మరచిపోలేదు.

వెతికేవాళ్లకు కెనడా రికార్డులూ పనికొస్తాయి. 1885లో చైనావాళ్ల మీద తలకు 50 డాలర్ల పన్ను వేశారు. 1903 నాటికి అది 500 అయింది. కట్టిన ప్రతి మనిషి పేరూ రిజిస్టరుకెక్కింది. ఆస్ట్రేలియా పత్రాల్లోనైతే ఫొటోలు, అరచేతి ముద్రలు కూడా ఉన్నాయి.

ఇక చైనా వైపు. 19వ శతాబ్దంలో బంగారం కోసం, రైలు పట్టాల పని కోసం అమెరికా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని ‘సి యి’ వాళ్లు. ఆ మాటకు నాలుగు జిల్లాలని అర్థం: తైషాన్, కైపింగ్, షిన్‌హుయ్, ఎన్‌పింగ్. తైషాన్‌కు 1914కు ముందు షిన్నింగ్ అని పేరు. చైనా నాయకుడు సున్ యట్‌సెన్ పుట్టిన షియాంగ్‌షాన్ జిల్లా ఆయన గౌరవార్థం 1925లో ఝోంగ్‌షాన్ అయింది. ముత్తాత కాగితాల్లో పాత పేరే ఉంటుంది, ఇవాళ్టి పటంలో దాని కోసం వెతికితే దొరకదు. అయితే ఈ ప్రాంతంలో చాలా ఊళ్లు ఒకే ఇంటిపేరువాళ్లవి. ఇంటిపేరూ జిల్లా తెలిస్తే వెతకవలసిన ఊళ్ల సంఖ్య బాగా తగ్గుతుంది. హాంకాంగ్‌లోని అమెరికా కాన్సులేట్ ఒకప్పుడు ఇంటిపేర్ల వారీగా ఊళ్ల జాబితాలు తయారు చేసింది. వాటిని ఇప్పటికీ వాడుతున్నారు.

ఊరు చేరాక చూడవలసింది ‘జియాపు’, అంటే వంశావళి గ్రంథం. ఏ తరం మగపిల్లల పేర్లలో ఏ అక్షరం రావాలో చాలా వంశాలు ముందే ఒక పద్యంగా కట్టి పెట్టుకున్నాయి. ముత్తాత పేరులో ఆ అక్షరం ఉంటే ఆయన ఎన్నో తరంవాడో వెంటనే తేలిపోతుంది. సాంస్కృతిక విప్లవ కాలంలో ఈ గ్రంథాలు చాలా తగలబెట్టారు. విదేశాలకు వెళ్లినవాళ్లు వెంట తీసుకుపోయిన ప్రతులే కొన్ని ఊళ్లకు మిగిలాయి. ఆడవాళ్ల విషయంలో మాత్రం ఈ గ్రంథాలు అన్యాయమే చేశాయి. కూతుళ్ల పేర్లు రాసేవారు కాదు, కోడళ్లకు పుట్టింటి పేరు తప్ప సొంత పేరు ఉండేది కాదు. కన్ఫ్యూషియస్ వంశావళిలోనే ఆడవాళ్లకు 2009 ముద్రణలో గాని చోటు దక్కలేదు.

ఆ లోటు దాటుకుని ఊరు చేరిన మనవరాలు పాలా విలియమ్స్ మాడిసన్. ఆమె న్యూయార్క్ హార్లెమ్‌లో పెరిగిన నల్లజాతి అమెరికన్, టీవీ రంగంలో పెద్ద ఉద్యోగం చేశారు. తల్లి జమైకాలో పుట్టింది. ఆమెకు తండ్రి శామ్యూల్ ‘లో’ పసితనంలోనే దూరమయ్యాడు. జమైకాలో దుకాణం నడిపిన ఆ హక్కా వర్గపు చైనీయుడు తర్వాత స్వదేశం వెళ్లిపోయాడు. తల్లి మళ్లీ తండ్రిని చూడకుండానే పోయింది. ఉద్యోగ విరమణ చేశాక పాలా హక్కా సంఘాలవాళ్లను ఆరా తీస్తూ వెళ్లి, షెన్‌జెన్‌లో తాత వారసులను వందల సంఖ్యలో కలుసుకున్నారు. ఆ కథ డాక్యుమెంటరీగా, పుస్తకంగా వచ్చింది.

అప్పటి ఫిలిప్పీన్స్ అధ్యక్షురాలు కొరజాన్ అక్వినో కూడా 1988 ఏప్రిల్‌లో ఫుజియన్‌లోని హోంగ్‌జియాన్ గ్రామానికి వెళ్లి పూర్వీకులకు మొక్కారు. ఆమె పుట్టింటి పేరు కొహువాంకో. వినడానికి స్పానిష్‌లా ఉన్నా, ముత్తాత పేరుకు జనం గౌరవంగా ‘అన్నా’ అని కలిపి పిలిచిన పిలుపే అది. చివరి ‘కో’కు అన్న అని అర్థం. అప్పట్లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర గవర్నరుగా ఉన్న గ్యారీ లాక్ 1997లో తైషాన్‌లోని జిలోంగ్ గ్రామానికి వెళ్లారు. ఆయన తాత ఆ రాష్ట్ర రాజధానిలోనే ఒక ఇంట్లో పనిచేస్తూ, జీతానికి బదులు ఇంగ్లీషు పాఠాలు చెప్పించుకున్నాడు.

పేరున్నవాళ్లకు దారి చూపించేవాళ్లు చాలామంది ఉంటారు. మామూలు మనుషులకు ఊరి ముసలివాళ్లే దిక్కు. ఫలానా కుటుంబం విదేశం వెళ్లిందని గుర్తుపట్టి, తాళం పడిన ఇంటి దాకా నడిపించేది వాళ్లే.

ఈ వెతుకులాట మనకు సంబంధం లేనిది కాదు. మద్రాసు రేవు నుంచి ఫిజీకి, మారిషస్‌కు, దక్షిణాఫ్రికాకు కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఇప్పుడు ఊళ్లు వెతుక్కుంటున్నారు. ఫిజీ వెళ్లినవాళ్ల పాసుల మీద తండ్రి పేరు, జిల్లా, ఠాణా, ఊరు ఉన్నాయి. కాని అవి విన్నట్టుగా ఇంగ్లీషులో రాసినవి. అది ఏ ఊరో చెప్పగలిగేది ఇక్కడివాళ్లే. అలాంటి పాసు నకలు పట్టుకుని ఎవరైనా మీ ఊరు వస్తే, పని ఉందని పంపించేయకండి. పెద్దవాళ్ల దగ్గర కూర్చోబెట్టి, ఆ ఊరి పేరు ఒకసారి పైకి చదివించండి.